ఎర్రనీటి ఖరీదు

వానాకాలం మధ్యలో, తెల్లవారుజామున విజయవాడ రోడ్డు మీదుగా హైదరాబాదు ఎల్బీనగర్ చేరే బస్సుల్లోంచి ప్రయాణికుల సామానుతో పాటు అప్పుడప్పుడూ థర్మోకోల్ పెట్టెలు దిగుతాయి. మూత చుట్టూ గోధుమరంగు టేపు, అంచుల్లోంచి కారే ఐసునీళ్లు, లోపల పాలిథిన్ కవర్లో చుట్టిన ఒకే ఒక్క చేప. నాగోల్, కొత్తపేట, దిల్‌సుఖ్‌నగర్ కాలనీల్లో స్థిరపడ్డ గోదావరి జిల్లాల వాళ్లకు ఆ పెట్టెలో ఏముందో మూత తీయకుండానే తెలుసు. పులస. కిలోకి వేలల్లో పలుకుతుంది. కాస్త పెద్దదైతే యానాం వేలంలో ఒక్క చేపే పదిహేను వేలు, ఇరవై వేలు దాటిందన్న వార్త ఏటా పత్రికల్లో కనిపిస్తుంది. అదే జాతి చేప సముద్రంలో చిక్కితే దాని పేరు ఇలస, దాని ఖరీదు పులసలో చిన్న వంతు. పుస్తెలమ్మి అయినా పులస తినాలన్న సామెత ఊరికే పుట్టలేదని గోదావరి వాళ్లంటారు. రుచికి ఎవరూ వంక పెట్టలేరు. కానీ ఒకే చేపకు నదిలో ఒక ధర, సముద్రంలో ఒక ధర ఎందుకన్నది రుచి ఒక్కదానితో తేలే లెక్క కాదు. జాగ్రత్తగా చూస్తే మనం పులసకు కట్టే డబ్బులో ఎక్కువ భాగం చేప మాంసానికి పోవడం లేదు, కొన్ని రోజులకు పోతోంది. ఆ రోజులు ఎలా ఏర్పడతాయో, ఎందుకు తగ్గిపోతున్నాయో, వాటికి డబ్బు కట్టే పద్ధతిలో మనం ఎక్కడ పొరపాటు పడుతున్నామో చూడాలి.

కాలాన్ని బట్టి చేప ధర పెరగడం హైదరాబాదుకు కొత్త కాదు. మృగశిర కార్తె ప్రవేశించే రోజున, అంటే జూన్ 8 ప్రాంతంలో, ముషీరాబాద్, రాంనగర్ మార్కెట్ల నుంచి నాగోల్ చౌరస్తా పక్కన చేపలు కోసే బండ్ల దాకా జనం కిటకిటలాడతారు. కొర్రమీను రేటు ఆ ఒక్కరోజు ఎగబాకి మర్నాడు దిగిపోతుంది. అక్కడ చేప మారలేదు, చెరువు మారలేదు. కొనేవాళ్లు ఒకేసారి ఎగబడ్డారు, అంతే. పులస సంగతి దీనికి సరిగ్గా తలకిందులు. అది దొరికే రోజుల్లో శ్రావణమాసం ఉంటుంది. వరలక్ష్మీవ్రతాలు, మంగళగౌరీ నోముల పేరుతో సగం ఇళ్లలో నీచు ముట్టని నెల. కొనేవాళ్లు తగ్గినా ధర దిగదు. అంటే ఈ ధరను నడిపిస్తున్నది మన నాలుక కాదు, నది. నది ఎప్పుడు పొంగుతుందో అప్పుడే చేప వస్తుంది. పంచాంగం చూసుకుని రాదు.

శాస్త్రజ్ఞులు దీన్ని టెన్యువలోసా ఇలిషా అంటారు. గంగానది చేపల మీద ఫ్రాన్సిస్ హామిల్టన్ రాసిన పుస్తకం ద్వారా 1822లో ఇది శాస్త్రలోకానికి పరిచయమైంది. ఆ పేరులో బెంగాలీల ‘ఇలిష్’, మన ‘ఇలస’ రెండూ వినిపిస్తాయి. కవళ్ల కుటుంబానికి చెందిన ఈ చేప బంగాళాఖాతపు తీరజలాల్లో గుంపులుగా తిరుగుతూ, మొప్పల్లోని సన్నటి దువ్వెనల్లాంటి ముళ్లతో నీటిలోని కంటికి ఆనని జీవాలను వడకట్టుకుని తింటుంది. గుడ్లు పెట్టే వయసు రాగానే మంచినీరు వెతుక్కుంటూ నదిలోకి ఎదురెక్కుతుంది. పుట్టిన పిల్లలు కొన్ని నెలలు నదిలోనూ నదిముఖంలోనూ పెరిగి సముద్రానికి దిగిపోతాయి. ఉప్పునీట్లో పెరిగి మంచినీట్లో గుడ్లు పెట్టే ఈ జీవితచక్రమే ఉత్తర అట్లాంటిక్‌లోని సాల్మన్‌ది కూడా. రెండూ దగ్గరి చుట్టాలేమీ కావు, కానీ ఒకే కష్టానికి ఒకే దారి కనిపెట్టాయి. (ఆన్‌లైన్లో ‘ఇండియన్ సాల్మన్’ అని మనకు అమ్మే రావస్‌కు మాత్రం ఈ రెండింటితోనూ సంబంధం లేదు. అది పేరు కోసం పెట్టుకున్న పేరు.)

ఉప్పునీట్లోంచి మంచినీట్లోకి రావడం చేపకు ఊరు మారినంత తేలిక కాదు. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. చేప నెత్తుటిలో ఉండేది అందులో మూడో వంతు. కాబట్టి సముద్రంలో ఉన్నంతకాలం చేప ఒంట్లోని నీరు బయటికి లాగేసుకుపోతూ ఉంటుంది. ఆ లోటు పూడ్చడానికి చేప ఉప్పునీటినే తాగుతుంది, తాగిన ఉప్పును మొప్పల్లో ఉండే ప్రత్యేక కణాల గుండా బయటికి నెట్టేస్తుంది, మూత్రం బొట్టుబొట్టుగా పోస్తుంది. నదిలోకి రాగానే ఇదంతా తిరగబడుతుంది. ఇప్పుడు బయటి నీరే ఒంట్లోకి చొరబడుతుంది, ఒంట్లోని లవణాలు జారిపోతుంటాయి. తాగడం ఆపాలి, మూత్రపిండాలు పలచటి మూత్రాన్ని ధారగా తోడిపోయాలి, నిన్నటిదాకా ఉప్పును బయటికి గెంటిన మొప్పలే ఇవాళ ఉప్పును లోపలికి లాక్కోవాలి. ఈ మార్పుకు కొంత వ్యవధి కావాలి. ఆ వ్యవధి దొరికేది నదిముఖంలో, అంటే నది సముద్రంతో కలిసి నీరు ఉప్పగానూ చప్పగానూ కాకుండా ఉండే చోట. జులైలో గోదావరికి ఎగువ నుంచి కొత్తనీరు వచ్చి, ఎర్రటి బురదనీరు అంతర్వేది దగ్గరా యానాం దిగువనా సముద్రంలోకి దూరంగా చొచ్చుకుపోయినప్పుడు చేపకు ఆ మెత్తటి నీటి మెట్లు సముద్రంలోనే పరిచినట్టవుతుంది. జాలరులు ‘ఎర్రనీరు తగిలితే ఇలస ఎక్కుతుంది’ అనేదాని వెనక ఉన్న శరీరధర్మం ఇదే. సాల్మన్‌లో దీనికి తోడు వాసన జ్ఞాపకం కూడా పనిచేస్తుందని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ఆర్థర్ హాస్లర్, వారెన్ విస్బీ 1951లో ప్రతిపాదించారు. తర్వాత పిల్లచేపలను ఒక రసాయనపు వాసనకు అలవాటు చేసి వదిలితే, పెద్దయ్యాక అవి అదే వాసన కలిపిన వాగును వెతుక్కుంటూ వచ్చాయి.

ఇక రుచి సంగతి. ఎర్రనీటిలో ఎదురీది ఒండ్రు తినడం వల్ల పులసకు ఆ రుచి వస్తుందని గోదావరి గట్టున చెబుతారు. ఒండ్రు మాటేమో గానీ ఎదురీత మాట నిజం. సముద్రంలో నెలల తరబడి దాచుకున్న కొవ్వే ఈ ప్రయాణానికి పెట్టుబడి. నదిలోకి వచ్చాక పులస తిండి బాగా తగ్గిస్తుంది. సాల్మన్ దాదాపు మానేస్తుంది. దారిలో ఆ కొవ్వు కొంత ఈతకు, చాలా భాగం గుడ్లకు ఖర్చవుతుంది. కాబట్టి రుచికి ఒక శిఖరం ఉంటుంది: సముద్రపు ఉప్పు వాసన పోయి, కొవ్వు మాత్రం ఇంకా కరిగిపోని కొద్ది రోజులు. గుడ్లు పెట్టేసిన చేప చప్పబడి, ఎండిపోయి ఉంటుంది. స్కాట్లండ్‌లో సాల్మన్ పట్టేవాళ్లు ఈ శిఖరాన్ని చేప ఒంటి మీదే చదువుతారు. సముద్రంలో చేపను పట్టుకుని ఉండే ఒక రకం పేను మంచినీట్లో ఎక్కువ రోజులు బతకదు. వెండిలా మెరిసే చేప తోక దగ్గర ఆ పేలు ఇంకా అంటుకుని ఉన్నాయంటే అది సముద్రం వదిలి వచ్చి ఎంతో కాలం కాలేదన్నమాట. అదే అక్కడ అన్నిటికన్నా ఘనమైన చేప. పేను ఉందని సంతోషించే వంటకం లోకంలో ఇంకోటి ఉండదేమో. మనవైపు అమ్మేవాళ్లు పొలుసు మెరుపునూ పొట్ట ఉబ్బునూ చూసి చెబుతారు. ఒడిశా నుంచి ఐసులో వచ్చిన ఇలసను పులసని నమ్మించడం కూడా ఆ మెరుపు మీద ఆధారపడిన వ్యాపారమే.

పడమటి దేశాల్లో ఈగగాలం అనే ఒక వ్యవహారం ఉంది. దారాలు, ఈకలు, వెంట్రుకలతో పురుగులా కట్టిన గాలాన్ని, పన్నెండు పదిహేను అడుగుల పొడవున్న రెండు చేతుల కర్రతో, బరువైన దారాన్ని గాలిలో చుట్టి నది మీద పరిచే విద్య. తమాషా ఏమిటంటే నదిలోకి వచ్చిన సాల్మన్ తిండి మానేసిన చేప. ఆకలి లేని చేపకు ఎర చూపించడమే ఆ ఆట. చిరాకుతో కొరుకుతుందో, చిన్ననాటి అలవాటుతో కొరుకుతుందో ఆ వేటగాళ్లు శతాబ్దాలుగా వాదించుకుంటున్నారు. ఏదైనా గానీ చాలా రోజులు ఏమీ తగలదు. ఇక్కడే ఖర్చు లెక్క పుడుతుంది. స్కాట్లండ్‌లో నదిని ‘బీట్’లనే ముక్కలుగా విడదీసి, ఒక్కో ముక్క మీద గాలం వేసే హక్కును రోజుకు ఇంతని అమ్ముతారు. ట్వీడ్ నదిలో వేట కాలం ఫిబ్రవరి 1 నుంచి నవంబర్ 30 దాకా, టే నదిలో జనవరి 15 నుంచి అక్టోబర్ 15 దాకా. ఒకే నది, అదే మడుగు, అదే గట్టు. కానీ చేప రాని వారంలో రోజుకు పదుల పౌండ్లలో దొరికే అనుమతి, చేప ఎక్కే వారంలో వందల్లోకి పోతుంది. ఐస్‌లాండ్‌లో పేరున్న నదుల మీద రోజుకు వెయ్యి డాలర్లు దాటడం మామూలే. ఇంత కట్టినా చేప దొరుకుతుందన్న హామీ లేదు. వాన పడక నది సన్నబడితే సాల్మన్ నదిముఖంలోనే ఆగిపోతుంది, కట్టిన డబ్బు గాలికి పోతుంది. దొరికిన చేపను కూడా స్కాట్లండ్‌లో పదింట తొమ్మిదికి పైగా తిరిగి నీటిలో వదిలేస్తారు. అంటే అక్కడ కొనేది చేపను కాదు. ఒక వారంలో నది గట్టున నిలబడే హక్కును.

ఇప్పుడు గోదావరి లెక్క వేయండి. రాత్రిపూట నావ మీద ఇద్దరి శ్రమ, డీజిలు, వల అరుగుదల కలిపి రెండు వేలు అనుకుందాం. పది రాత్రులు వల వేస్తే ఒక్క పులస చిక్కిందనుకుందాం. ఆ చేప నావలోకి వచ్చేసరికే ఇరవై వేలు మింగేసి ఉంటుంది. అంకెలు ఉదాహరణకే, కానీ ఆకారం నిజం. పులస ధరలో దాగి ఉన్నది ఖాళీ చేతులతో తిరిగొచ్చిన తొమ్మిది రాత్రుల ఖర్చు. సాల్మన్ వేటగాడు ఆ ఖాళీ రోజులకు ముందే, విడిగా, నది యజమానికి డబ్బు కడతాడు. మనం చివర్న, చేప రూపంలో, మొత్తం కలిపి కడతాం. రెండు చోట్లా సరుకు ఒకటే, సమయం. తేడా రసీదులో ఉంది. స్కాట్లండ్‌లో ఆ రోజుల ధరలోంచి కొంత నదికి తిరిగి వెళ్తుంది. వేట హక్కుదారుల మీద పన్ను వేసి, ఆ సొమ్ముతో నదికో సాల్మన్ బోర్డు కాపలా పెడుతుంది, గుడ్లు పెట్టే చోట్లను చూసుకుంటుంది. గోదావరిలో వేలం పాటలో పలికిన ఇరవై వేలలో జాలరికి కొంత, దళారికి కొంత, బస్సు పార్సిలుకు కొంత పోతుంది. పులసకు మాత్రం ఒక్క పైసా చేరదు.

ఆ ఖాళీ రాత్రులు ఎందుకు పెరిగాయన్నది తర్వాతి ప్రశ్న. గోదావరి పొడవు 1,465 కిలోమీటర్లు. పులసకు అందులో దక్కుతున్నది సముద్రం నుంచి ధవళేశ్వరం దాకా, వంద కిలోమీటర్లు కూడా లేదు. ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తిచేసిన ఆనకట్ట డెల్టాను అన్నపూర్ణగా మార్చింది. దాని చోట వచ్చిన బ్యారేజీ ఇవాళ ఆయన పేరుతోనే ఉంది. గోదావరి జిల్లాల్లో కాటన్‌ను పూజించడంలో తప్పేమీ లేదు, ఆకలి తీర్చినవాడు. కానీ అదే గోడ ఒక చేప దారి మూసిందన్నది కూడా అంతే నిజం. దక్షిణాది నదుల్లో అడ్డుకట్టలు ఎదురెక్కే చేపల్ని ఎలా దెబ్బతీస్తున్నాయో చేపల శాస్త్రజ్ఞుడు ఫ్రాన్సిస్ డే 1873లోనే ప్రభుత్వానికి నివేదించాడు. కావేరి మీద 1934లో మెట్టూరు ఆనకట్ట లేచాక ఆ నదిలో ఇలస వేట కొద్ది ఏళ్లలోనే కుప్పకూలింది. గంగ మీద 1975లో ఫరక్కా వచ్చాక, ఒకప్పుడు అలహాబాదు దాటి వెళ్లిన చేప దాదాపు కనుమరుగైంది. మన నాగోల్ వంతెన కింద పారే మూసీ కూడా ఈ కథకు బయటిది కాదు. అది నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. కృష్ణకు విజయవాడ దగ్గర 1855లోనే ఆనకట్ట పడింది, 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది, ఎగువన సాగర్ నిలిచింది. ఈ నీటికి సముద్రంతో చేపదారి తెగి చాలా కాలమైంది. మిగిలింది నాగోల్‌లో మురుగును శుద్ధి చేసే ప్లాంటు.

దూరం తగ్గితే చేపలు తగ్గుతాయి, సరే. రోజులు ఎలా తగ్గుతాయి? గోదావరి వరద ఇప్పుడు పూర్తిగా వాన చేతిలో లేదు. మహారాష్ట్రలో జాయక్‌వాడి నుంచి తెలంగాణలో శ్రీరాంసాగర్ దాకా ఎగువ జలాశయాలు నిండేదాకా తొలకరి నీరు కొంత ఆగిపోతుంది. నిండాక ఒక్కసారిగా గేట్లెత్తుతారు. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. మూడో హెచ్చరిక దాటిన వరదలో నావ దిగదు. నీరు బాగా తగ్గి తేటపడ్డాక చేప ఎక్కదు. ఈ రెంటి మధ్య ఉండే కొన్ని రోజులే అసలు పులస కాలం. జులై నుంచి సెప్టెంబరు దాకా అని మనం చెప్పుకునే సీజనులో వల వేయదగ్గ మంచి రోజులు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. స్కాట్లండ్ వేటగాడు వర్షమాపకం చూసుకుని కారు తీసినట్టే, యానాం జాలరి ధవళేశ్వరం గేట్ల వార్త విని వల సర్దుకుంటాడు.

ధర పెరిగితే కొనేవాళ్లు తగ్గుతారు, దాంతో వేట తగ్గి చేప బతుకుతుంది కదా అనవచ్చు. మామూలు సరుకుకు ఈ సూత్రం వర్తిస్తుంది. అరుదైనదనే కొనే సరుకుకు వర్తించదు. జీవశాస్త్రజ్ఞుడు ఫ్రాంక్ కుర్‌షాంప్ బృందం 2006లో ఈ మాటను లెక్కలతో చూపించింది: ఒక జీవి అరుదయ్యే కొద్దీ దాని విలువ పెరిగితే, ఆఖరిదాన్ని పట్టే ఖర్చు కూడా గిట్టుబాటు అవుతూనే ఉంటుంది. పులసలో దీనికి ఇంకో మెలిక ఉంది. ఈ జాతిలో ఆడచేపే పెద్దది, పెద్దదానికే ఎక్కువ ధర, చెన ఉంటే ఇంకా ఎక్కువ. ఒక పెద్ద ఆడచేప పొట్టలో పది లక్షలకు పైగా గుడ్లుంటాయి. అవి నదిలో పడితే వెచ్చటి నీటిలో ఇంచుమించు ఒక్కరోజులో పిల్లలవుతాయి. ఇంకో రోజో రెండు రోజులో ఆగితే గుడ్లు పెట్టేసి ఉండే చేపకు, అవి పెట్టలేదన్న కారణానికే మనం ఎక్కువ కడుతున్నాం. ఏ చేపను పట్టకూడదో దానికే బజారు అత్యధిక బహుమతి ప్రకటించినట్టయింది. మట్టిదాకలో, కట్టెల పొయ్యి మీద, బెండకాయలూ పచ్చిమిర్చీ వేసి, దించే ముందు వెన్నో ఆవకాయ నూనో చిలకరించి, ఆ రోజు కాక మర్నాడు తినే పులుసులో తేలే చెనముక్కకు ఎంత గిరాకీయో చెప్పనక్కర్లేదు. పులుసు మర్నాటికి ఆగగలిగినప్పుడు చేపను మర్నాటికి ఆపలేకపోవడం విచిత్రమే.

అలాగైతే సాల్మన్‌లాగే పట్టి వదిలేయొచ్చుగా అంటే, కుదరదు. అలా సలహా ఇచ్చేవాళ్లు పులసను చేత్తో ముట్టినవాళ్లు కారు. సాల్మన్ గట్టి చేప. నోటి అంచున గాలం తీసి, నీటిలోనే కాసేపు పట్టుకుంటే కోలుకుని ఈదిపోతుంది. పులస వలలో తల దూర్చి మొప్పల దగ్గర బిగుసుకున్న నిమిషాల్లోనే చనిపోతుంది. పొలుసులు అరచేతికి అంటుకుని వచ్చేస్తాయి. పైగా అది వడకట్టుకు తినే చేప, గాలానికి రావడం అరుదు. అయితే దాని అమెరికా చుట్టం షాడ్ కూడా అలాంటి తిండిదే, అయినా నదిలోకి ఎక్కేటప్పుడు చిన్న మెరుపుగాలాన్ని కొరుకుతుంది. న్యూజెర్సీలో మనవాళ్లు బోలెడు మంది ఉన్న ప్రాంతానికి పక్కనే డెలావేర్ నది మీద ఏప్రిల్‌లో షాడ్ ఎక్కుతుంది. లాంబర్ట్‌విల్ అనే ఊళ్లో దాని పేరుతో పండుగే చేస్తారు. అక్కడి అడవుల్లో ఒక చెట్టు తెల్లగా పూస్తే షాడ్ వచ్చినట్టు గుర్తు, ఆ చెట్టుకూ షాడ్ పేరే పెట్టారు. ఇదంతా సరే గానీ, గోదావరిలో గాలపు వేటను సరదా వ్యాపారంగా తెచ్చి జాలరి వల లాక్కోవడం నా దృష్టిలో అన్యాయం. సాల్మన్ నదుల చరిత్రలో అలాంటిది జరిగింది కూడా: నది పెద్దభూస్వాముల పరమై, వలవేసి బతికేవాళ్లు పక్కకు నెట్టబడ్డారు. మనం తీసుకోవాల్సింది ఆ దర్జా కాదు, సమయాన్ని పంచే పద్ధతి.

స్కాట్లండ్‌లో ఆదివారం సాల్మన్ పట్టడం చట్టరీత్యా నేరం. మొదట్లో అది మతాచారం కావచ్చు, ఇవాళ దాని ఫలితం మాత్రం జీవశాస్త్రం: వారంలో ఒకరోజు వచ్చిన చేపలన్నీ అడ్డులేకుండా పైకి పోతాయి. ఇంకా ఏప్రిల్ 1కి ముందు దొరికిన ఏ సాల్మన్‌నూ చంపకూడదు. ఏటా నదులన్నిటికీ మూడు తరగతులు కట్టి, బలహీనంగా ఉన్న నదిలో చేపను చంపడం పూర్తిగా ఆపేస్తారు. బంగ్లాదేశ్ ఇదే సూత్రాన్ని ఇలస మీదే అమలు చేసింది. ఆశ్వయుజ పౌర్ణమి చుట్టూ 22 రోజులు వేట నిషేధం, చిన్నచేప పెరిగే నవంబరు నుంచి జూన్ దాకా 25 సెంటీమీటర్ల లోపు ఇలస పట్టడం నిషేధం, ఆ రోజుల్లో జాలరి కుటుంబాలకు బియ్యం. అక్కడి దిగుబడి 2017-18లో అయిదు లక్షల టన్నులు దాటింది. సముద్రంలో వేట నిషేధం మనకూ ఉంది, తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు. ఆ రోజులకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కుటుంబానికి ఇచ్చే భృతిని 2025లో ఇరవై వేలకు పెంచింది. కానీ గమనించారా, ఆ నిషేధం ముగిసిన కొన్ని వారాలకే పులస నదిముఖం దగ్గర గుమిగూడుతుంది. చేపకు అన్నిటికన్నా కావలసిన రోజుల్లో దారి పొడవునా వలలే. జులై నుంచి సెప్టెంబరు దాకా వారానికి ఒక్క రాత్రి, యానాం నుంచి ధవళేశ్వరం దాకా, అన్ని పాయల్లోనూ వల ఎత్తేస్తే చాలు, ఏడింట ఒక వంతు చేపకు దారి దొరుకుతుంది. జాలరికి నష్టం అంటారా, ఏడింట ఒక రాత్రి. పైగా సగటున చాలా రాత్రులు ఖాళీగానే పోతున్నప్పుడు ఆ నష్టం కాగితం మీద కనిపించినంత ఉండదు. దానికి పరిహారం ఎవరిస్తారంటే వేలంపాటే ఇవ్వాలి. పది వేలు దాటి పలికిన చేప మీద నూటికి అయిదు రూపాయలు పక్కన పెడితే హైదరాబాదులో పెట్టె అందుకునేవాడు గుర్తు కూడా పట్టడు.

అసలు అడ్డంకి వేరే ఉంది. యానాం పుదుచ్చేరి పాలనలో ఉంది, ఎదురుగట్టు ఆంధ్రప్రదేశ్‌లో. ఒక గట్టున వల ఎత్తి రెండో గట్టున వేస్తే ఎత్తినవాడు వెర్రివాడవుతాడు. సముద్రంలో పెద్ద పడవలు నదిముఖానికి ముందే ఇలసను ఏరేస్తే నదిలో నియమాలు ఉత్తమాటలవుతాయి. ఇంకా గట్టి ఆక్షేపణ సాల్మన్ నదులే అందిస్తాయి. ఇన్ని నియమాలున్నా 2023 డిసెంబరులో ప్రపంచ ప్రకృతి పరిరక్షణ సంఘం అట్లాంటిక్ సాల్మన్‌ను ముప్పు అంచున ఉన్న జాతిగా మార్చింది. 2006 నుంచి 2020 మధ్య అది 23 శాతం తగ్గింది. 2024 జూన్‌లో నార్వే తన దక్షిణాన 33 నదుల్లో వేటను సీజను మధ్యలోనే మూసేసింది. వేడెక్కుతున్న సముద్రం, ఫారం చేపల నుంచి అంటుకునే పేలు, వీటిని నది గట్టున పెట్టే నియమం ఆపలేదు. ఒప్పుకోవాల్సిందే. కానీ నార్వే సీజను మధ్యలో ఎలా మూయగలిగింది? వచ్చిన చేపలు అనుకున్నదాని కన్నా బాగా తక్కువని జూన్‌లోనే తెలిసింది కాబట్టి. అక్కడి నదుల్లో కెమెరాలు, లెక్కింపు యంత్రాలు ఉన్నాయి. స్కాట్లండ్‌లో పిట్‌లాక్రీ డ్యాము పక్కన చేప ఎక్కడానికి 34 మెట్లతో నీటిదారి కట్టి, దాటే చేపల్ని లెక్కిస్తారు. మెట్లదారి సాల్మన్‌కు పనికొచ్చినట్టు గెంతడం రాని షాడ్, పులస జాతులకు పనికిరాదంటే అదీ నిజమే. మసాచుసెట్స్‌లోని హోల్యోక్ డ్యాము దగ్గర 1955 నుంచి షాడ్‌ను నీటితొట్టిలో నింపి, మన అపార్టుమెంట్ల లిఫ్టులాగే పైకెత్తి వదులుతున్నారు. ఏటా లక్షల చేపలు అలా పైకి వెళ్తాయి, వెళ్లేవాటిని కిటికీ దగ్గర కూర్చుని మనుషులు లెక్కపెడతారు.

ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర వరద రోజుల్లో నీటిమట్టాన్ని గంటగంటకూ అడుగుల్లో రాస్తారు, వదిలిన నీటిని క్యూసెక్కుల్లో చెబుతారు. ఆ అంకె రాత్రి పది గంటల వార్తల్లో నాగోల్ దాకా వస్తుంది. అదే గేట్ల కింద నురగలో ఎన్ని పులసలు గోడకు తగిలి వెనక్కి తిరుగుతున్నాయో రాసే పుస్తకం ఒకటి అక్కడే, ఆ నీటి పుస్తకం పక్కనే, ఈ జులైలోనే తెరవొచ్చు. దానికి లిఫ్టు కట్టేదాకా ఆగనక్కర్లేదు, ఒక్క చేప వేలంలో పలికే ధరకు ఒక మనిషి నెల జీతం వస్తుంది.